మూడు కాపీలు రావాలి: ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ లినక్స్‌కు మారిన వైనం

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు, యార్డులోని కమీషన్ కొట్లకు కంప్యూటర్లు చూడటం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒకే ఒక్క చోటి సంగతి. పేరు చెప్పను. ఒక కోల్డ్ స్టోరేజీ, దానికి అనుబంధంగా యార్డులో ఒక కొట్టు, నలుగురు భాగస్వాములు. అన్నీ కలిపి 17 కంప్యూటర్లు. 2020 మొదట్లో పదిహేడింటిలోనూ విండోసే. ఇప్పుడు 14 లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్; కాకపోతే ఉచితం) మీద నడుస్తున్నాయి, 3 విండోస్ మీద ఉన్నాయి. ఈ పద్నాలుగు ఎలా మారాయన్న దానికంటే ఆ మూడు ఎందుకు మిగిలాయన్నదే ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మిర్చి వ్యాపారం తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా వీళ్లకు ఊపిరి సలపదు. యార్డులో అమ్ముడుపోని టిక్కీలు (మిర్చి బస్తాలు), ధర కోసం ఆపుకున్న టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి వస్తాయి. లారీ కాటా ఎక్కుతుంది. బరువు తీస్తారు. తేజనా, 334ఆ, 341ఆ అని రకం రాస్తారు. ఏ చాంబర్లో ఏ అంతస్తులో పెట్టారో రాసి రసీదు ఇస్తారు. రసీదు మూడు కాపీలు: ఒకటి రైతుకు, ఒకటి ఆఫీసుకు, ఒకటి గేటుకు. లోపలికి వెళ్లిపోయిన సరుకుకి రైతు చేతిలో మిగిలే గుర్తు ఆ కాగితమొక్కటే. అది చూపించే అప్పు అడుగుతాడు, అది చూపించే ఆగస్టులోనో సెప్టెంబర్లోనో సరుకు విడిపించుకుంటాడు. అందుకని ఇక్కడ కంప్యూటర్లన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయా అని ఎవరైనా అడిగితే నేను చూసేది ఒకటే: లారీ ఆగి ఉండగా మూడు కాపీలు వచ్చాయా లేదా.

కదలిక ఎక్కడ మొదలైంది

2019 సెప్టెంబర్లో ఒక ఆపరేటర్ మెయిల్లో వచ్చిన ఇన్వాయిస్ లాంటిదేదో తెరిచాడు. అరగంటలో అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటి పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు చేరాయి. డబ్బు కట్టమని ఒక నోటు మిగిలింది. బ్యాకప్ ఉంది. ఉంది గానీ, అదే మెషీన్‌కు పెట్టి వదిలేసిన పెన్‌డ్రైవ్‌లో ఉంది, దాంతోపాటే పోయింది. చివరికి 11 రోజుల కిందటి కాపీ ఒకటి ఒక భాగస్వామి ఇంటి ల్యాప్‌టాప్‌లో దొరికింది. మధ్యలో పోయిన 11 రోజుల్నీ గుమస్తాగారు ఆఫీసు కాపీల కట్ట ముందేసుకుని మళ్లీ ఎక్కించారు. సీజన్ కాదు కాబట్టి సరిపోయింది. అదే మార్చిలో జరిగి ఉంటే ఏమయ్యేదో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వారం ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అప్పటికి అక్కడున్నవి విండోస్ 7, కొన్ని ఎక్స్‌పీ కూడా. విండోస్ 7కు 2020 జనవరి 14తో మద్దతు అయిపోతుందని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో చెప్పేసింది. వీటిలో ఎన్నింటికి అసలు లైసెన్సులున్నాయని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. కంప్యూటర్ అమ్మినవాడు ‘అన్నీ వేసి ఇచ్చాడు’. మన ఊళ్లలో ఈ మాటకి అర్థం అందరికీ తెలిసిందే.

షావుకారుగారికి రెండు లెక్కలు రాసిచ్చాను. ఒకటి, లైసెన్సులు కొని, వాటిని లాగలేని పాత మెషీన్లు మార్చి, సక్రమంగా విండోస్‌లోనే ఉండటం. రెండోది, సర్వర్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా లినక్స్‌కు జరగడం. ఆయన రెండో కాగితం చాలాసేపు చూసి అడిగారు: “ఊరికే వచ్చేదాన్ని చెడిపోతే ఎవడు బాగుచేస్తాడయ్యా?”

ఇన్నేళ్లలో లినక్స్ గురించి నన్నెవరూ ఇంతకంటే మంచి ప్రశ్న అడగలేదు. నేను పెద్ద కబుర్లే చెప్పాను. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే అన్నాను. ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీదే ఉన్నాయన్నాను. రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీని ఐబీఎం 2019లోనే 3,400 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుందన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “వాళ్లకి ఇంజనీర్లున్నారు. నాకు నువ్వున్నావు,” అన్నారు. అది మెచ్చుకోలు కాదని అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది.

పాత సామాన్ల గదిలో

ఆ రోజు సాయంత్రమే గుమస్తాగారు నన్ను వెనక గదికి తీసుకెళ్లారు. చిరిగిన గోనెసంచుల కింద, టార్పాలిన్ చుట్టి, రెండు పాత టెర్మినళ్లున్నాయి. అవి కంప్యూటర్లు కావు, ఉత్త తెరా కీబోర్డూ. 1990లలో ఇక్కడ ఒక 486 మెషీన్ (అప్పటి పీసీ) మీద ఎస్‌సీఓ యునిక్స్ అనే ఓఎస్ నడిచేదట. దానికి నాలుగు టెర్మినళ్లు తగిలించి, నలుగురూ ఒకేసారి ఫాక్స్‌బేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో రసీదులు కొట్టేవాళ్లట. అప్పట్లో మన ఊళ్లలో కాస్త పెద్ద కొట్లలో, ఆఫీసుల్లో ఇది మామూలే. నలుగురు పనిచేయాలంటే నాలుగు పీసీలు కొనే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. ఒక్క యునిక్స్ పెట్టె, నాలుగు తెరలు, పని జరిగిపోయేది. తర్వాత పీసీలు చవకయ్యాయి, బొమ్మల తెరలొచ్చాయి, యునిక్స్ వెనక గదిలోకి చేరింది.

అంటే ఈ వ్యాపారానికి యునిక్స్ కొత్త కాదు. కాకపోతే ఆ యునిక్స్‌కు డబ్బు కట్టాలి, పైగా ఎంతమంది వాడితే అంత. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ యునిక్స్ లాంటి స్వేచ్ఛా వ్యవస్థను తయారుచేసే గ్నూ ప్రాజెక్టు ప్రకటించాక, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్‌ను బయటపెట్టాక, అదే తరహా వ్యవస్థ అదే మామూలు పీసీ మీద ఖర్చు లేకుండా నడవడం మొదలైంది. వ్యాపారాల్లోకి లినక్స్ తలుపు తట్టకుండా వచ్చింది ఇందుకే. అది మొదట తోసేసింది విండోస్‌ను కాదు, ఖరీదైన యునిక్స్‌నే.

నేను ల్యాప్‌టాప్‌లో నల్ల తెర తెరిచి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, ‘లాగిన్’ అన్న చోట ఆగి, పేరు కొట్టారు. లోపలికి వెళ్లగానే ఏమీ అడక్కుండా ‘ఎల్‌ఎస్’ కొట్టి ఎంటర్ నొక్కారు. ఫైళ్ల జాబితా వచ్చింది. “ఇది మన పాత మిషనే గదా అబ్బాయ్,” అన్నారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. ఆ తర్వాత మూడేళ్లలో నన్ను అందరికంటే తక్కువ ఇబ్బంది పెట్టింది ఆయనే.

సర్వర్, దాని వెనకే ఒక తప్పు

నా తప్పు ఒకటి ముందే ఒప్పుకుంటాను. 2020 వానాకాలంలో సర్వర్‌ను సెంట్‌ఓఎస్ 8 అనే లినక్స్ మీద పెట్టాను. రెడ్ హ్యాట్‌కు ఉచిత జంట లాంటిది, 2029 దాకా మద్దతు ఉంటుందన్న లెక్క. అదే ఏడాది డిసెంబరు 8న ఆ మద్దతు 2021 డిసెంబరు 31తోనే ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. తొమ్మిదేళ్లనుకున్నది ఒక ఏడాదికి కుదించుకుపోయింది. షావుకారుగారి ప్రశ్న సరిగ్గా నా నెత్తిన పడింది.

ఆ ఖాళీలోకి రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ వచ్చాయి. రెండూ బాగానే ఉన్నాయి. నేను మాత్రం డెబియన్ అనే మరో లినక్స్‌కు వెళ్లాను. దాని వెనక ఒక కంపెనీ లేదు, ప్రపంచమంతా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. ఒక బోర్డు మీటింగులో మాట మార్చేవాళ్లు అక్కడ లేరన్నది నా లెక్క. 2021 ఆగస్టులో డెబియన్ 11 వచ్చింది, సెప్టెంబర్లో మారిపోయాం. డేటా అంతా పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌లో ఉంది, ఫైళ్ల షేరింగ్ సాంబాలో ఉంది. అందువల్ల ఆ మార్పు ఒక్క ఆదివారంలో అయిపోయింది. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హామీ ఉండదని వింటుంటాం. నేను చూసినదాన్నిబట్టి మరో చోటికి సామాను సర్దుకుని పోవడం మాత్రం తేలిక. అదే ఒక కంపెనీ తాళం వేసిన డేటాబేస్‌లో ఉండి ఉంటే ఒక ఆదివారం సరిపోయేది కాదు.

ఇంటర్నెట్ గేటు దగ్గర ఒక పాత డెస్క్‌టాప్‌లో రెండో నెట్‌వర్క్ కార్డు వేసి ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ (రాకపోకలకు కాపలా కాసేది) పెట్టాను. అది లినక్స్ కాదు, ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తుంది, యునిక్స్ వంశంలోదే. ఫైబర్ లైను పోతే 4జీకి మారుతుంది. పెట్టాక దాని గురించి ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. కాబట్టి రాయడానికీ ఏం లేదు.

ఓఎస్ కాదు, ఫాక్స్‌ప్రో

అసలు బరువు వేరే చోట ఉంది. రసీదులు కొట్టే ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత డేటాబేస్ సాధనం విజువల్ ఫాక్స్‌ప్రోలో రాసినది. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరిలోనే ముగిసింది. రాసినతను ఇప్పుడు వేరే ఊళ్లో వేరే పనిలో ఉన్నాడు. విండోస్ వదలాలంటే ముందు ఇది వదలాలి. డెస్క్‌టాప్‌లన్నీ ఒక్కసారిగా మార్చేసి ఈ ప్రోగ్రాంని వైన్ (విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుపుదామని మొదట నేనూ అనుకున్నాను. రెండు రోజులు చేసి చూశాను. నడిచింది. నాలుగో మనిషి లోపలికి రాగానే ఇండెక్స్ ఫైలు చెడింది. అక్కడితో ఆ ఆలోచన వదిలేశాను.

ఇద్దరు కుర్రాళ్లతో కలిసి పైథాన్, జాంగోలో మళ్లీ రాయించాం. ఏడు నెలలు పట్టింది. బ్రౌజర్లో తెరుచుకుంటుంది. బ్రౌజర్లోకి వచ్చాక కింద ఏ ఓఎస్ ఉందన్నది సగం తేలిపోయింది. మా ఊళ్లోని వ్యాపారాలకు లినక్స్ ఇప్పుడు అందుబాటులోకి వచ్చిందంటే దానికి లినక్స్ డెస్క్‌టాప్ అందంగా తయారవడం కారణం కాదని నా అభిప్రాయం. జీఎస్టీ, ఈ-వే బిల్లు, బ్యాంకు, వాట్సాప్ అన్నీ బ్రౌజర్లోకి చేరడమే కారణం.

డేటా తరలించడానికి పీజీలోడర్ వాడాం. ఫాక్స్‌ప్రో పాత డీబీఎఫ్ ఫైళ్లను అది నేరుగా పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కిస్తుంది. ఎక్కించడం ఒక పూట పని. అందులోని రైతుల పేర్లను బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. పాత ప్రోగ్రాంలో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఒకే వెంకటేశ్వర్లు గారు ఆరు స్పెల్లింగుల్లో దొరికారు. చివర యూ ఒకచోట, ఎల్ రెండుసార్లు ఇంకోచోట, ‘వెంక’ అని రాసి చుక్క పెట్టేసినవి మరికొన్ని. ఒకే ఊళ్లో అదే పేరున్న ముగ్గురు వేరే మనుషులు. ఫోన్ నంబరు, ఊరు, తండ్రి పేరు మూడూ కలిస్తేనే ఒకే మనిషి అని లెక్కపెట్టి, మిగిలినవి గుమస్తాగారి ముందు పెట్టాం. ఆయన జాబితా చూస్తూ, “ఈయన పోయాడు, ఇది కొడుకుది. ఈ ఇద్దరూ ఒకరే. వీళ్లు తోడల్లుళ్లు, కలపబాక,” అని చెబుతుంటే ఒక అమ్మాయి టైపు చేసేది. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని అది.

ప్రింటర్

ఇక్కడే అసలు కథ. కౌంటర్లో ఉన్నది 9 పిన్నుల డాట్ మ్యాట్రిక్స్. మూడు పొరల కాగితం మీద కార్బన్ ఒత్తిడి పడాలంటే దానికి మించింది లేదు. కాగితం మీద గళ్లు ముందే అచ్చయి ఉంటాయి, మనం గళ్లు నింపుతాం.

2022 ఆగస్టులో మొదటి కౌంటర్లో లినక్స్ మింట్ వేసి, బ్రౌజర్లోంచి ప్రింట్ కొట్టాం. కప్స్‌లో (లినక్స్‌లో ప్రింటర్లను నడిపేది) ఆ ప్రింటర్‌కు డ్రైవర్ ఉంది. వచ్చింది కూడా. కానీ ఎలా వచ్చింది! డ్రైవర్ మొత్తం పేజీని బొమ్మగా మార్చి పంపుతుంది. అక్షరాలు టకటకా పడాల్సింది పోయి, హెడ్డు ఒక్కో గీతా గీస్తూ కీచుమంటూ ఇటూ అటూ పోయింది. మామూలుగా పది సెకన్లలో వచ్చే రసీదు నిమిషం దాటింది. పైగా కాగితం జారింది. మొదటిది సరిగ్గా పడింది. రెండోది రెండు లైన్లు కిందికి దిగింది. ఐదో రసీదులో రైతు పేరు వెళ్లి ‘రకం’ గడిలో కూర్చుంది. ఊరి పేరు బరువు గడిలోకి చేరింది. గుమస్తాగారు ఆ కాగితాన్ని చింపి, ఏమీ అనకుండా నా జేబులో పెట్టారు.

పరిష్కారం పాత పుస్తకాల్లోనే ఉంది. డ్రైవర్‌ను తీసేసి, కప్స్‌లో ఆ ప్రింటర్‌ను ‘రా’ క్యూగా పెట్టాం. అంటే మధ్యలో ఎవరూ వేలు పెట్టరు, మనం పంపిన బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా ప్రింటర్‌కు చేరతాయి. బ్రౌజర్లోంచి ప్రింట్ కొట్టడం మానేశాం. రసీదు బటన్ నొక్కితే సర్వరే ఆ కౌంటర్ ప్రింటర్‌కు ఉత్త అక్షరాలు పంపుతుంది. ముందు 27, 64 అనే రెండు అంకెలు పోతాయి, అవి ప్రింటర్‌ను మొదటి స్థితికి తెస్తాయి. తర్వాత 27, 67, 36. అంటే పేజీ ఎత్తు 36 లైన్లు అని. మన కాగితం 6 అంగుళాలు, అంగుళానికి 6 లైన్లు, లెక్క సరి. జారడం ఎందుకొచ్చిందంటే ఈ ఒక్క ముక్క ప్రింటర్‌కు ఎవరూ చెప్పకపోవడం వల్ల. చిన్న అక్షరాలు కావాలంటే 15, మళ్లీ మామూలుకు 18. చివర 12 కొడితే కాగితం తర్వాతి రసీదు మొదటికి వెళ్లి ఆగుతుంది. ఫాక్స్‌బేస్ రోజుల్లో ఈ అంకెలు ప్రతి ప్రోగ్రామర్‌కూ నోటికొచ్చేవి. ఎనిమిది సెకన్లలో మూడు కాపీలు వచ్చాయి. విండోస్‌లో కంటే త్వరగా.

ఒక హెచ్చరిక: రా క్యూలను ముందు ముందు తీసేస్తామని కప్స్ వాళ్లు చెబుతూ వస్తున్నారు. ఆ రోజు వస్తే ప్రింటర్ పోర్టుకు నేరుగా రాసుకునే చిన్న ప్రోగ్రాం పెట్టాలి. రాసిపెట్టుకున్నాను.

ఈ పద్ధతిలో తెలుగు రాదు, ప్రింటర్ పొట్టలో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి. అందుకని రైతుకిచ్చే చీటీని విడదీశాం. మూడు కాపీల రసీదు ఇంగ్లీషులోనే డాట్ మ్యాట్రిక్స్ మీద. దాంతోపాటు రైతుకు పేరు, ఊరు, రకం, టిక్కీలు, బరువు తెలుగులో ఉన్న ఒక చిన్న లేజర్ ప్రింటు. మొదట పీడీఎఫ్ తయారుచేయడానికి రిపోర్ట్‌ల్యాబ్ వాడితే ఒత్తులు ఊడిపోయాయి. వెంకటేశ్వర్లు గారి పేరులో ‘శ్’ ఒకచోట, ‘వ’ పక్కన వేరేగా నిలబడ్డాయి. అక్షరాలను కలిపి కూర్చే పని అది చేయదని అప్పుడు తెలిసింది. వీజీప్రింట్‌కు మార్చాం. అది ఆ పని పాంగో అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. ఒత్తులు వచ్చి ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఈ మార్పు మొత్తంలో రైతులు గమనించిందల్లా ఈ ఒక్కటే. ఒకాయన చీటీ పట్టుకుని వెలుతురులోకి వెళ్లి, తన పేరు పైకే చదువుకుని, మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఎలుక, కేబులు, అర్ధరాత్రి

2023 ఫిబ్రవరి. సీజన్ మధ్యలో. రాత్రి పదకొండింటికి ఫోన్: “కాటా బరువు తెరమీదకి రావట్లేదండీ, తొమ్మిది లారీలున్నాయి.”

కాటా ఇండికేటర్ నుంచి పాత సీరియల్ వైరు వస్తుంది. దాన్ని యూఎస్‌బీగా మార్చే కేబులు కంప్యూటర్‌కు పెట్టి ఉంటుంది. సాయంత్రం ఆ కేబుల్ని ఎలుక కొరికింది. కుర్రాళ్లు బుద్ధిగా బజారుకెళ్లి కొత్తది తెచ్చి పెట్టారు. పాతదానిలో ఎఫ్‌టీడీఐ చిప్పు, కొత్తదానిలో సీహెచ్ 340. చూడ్డానికి రెండూ ఒకటే.

వెళ్లేసరికి తూకం మనిషి ఇండికేటర్ మీద అంకె చదివి గట్టిగా అరుస్తున్నాడు, లోపల అమ్మాయి చేత్తో కొడుతోంది. పని ఆగలేదు, ఆ తెలివి వాళ్లదే. నేను కేబులు తీసి పెట్టి కెర్నల్ సందేశాలు చూశాను. కేబుల్ని గుర్తుపడుతోంది, పోర్టు పుడుతోంది, మరుక్షణమే మాయమవుతోంది. ఆ వరసలో ఒక పేరు కనిపించింది: బీఆర్‌ఎల్‌టీటీవై. అది చూపులేనివాళ్లు వాడే బ్రెయిలీ పరికరాలను నడిపే ప్రోగ్రాం. ఏదో ఒక బ్రెయిలీ పరికరంలోనూ ఇదే చిప్పు ఉంది. అందువల్ల ఈ చిప్పు ఎక్కడ కనిపించినా అది బ్రెయిలీ పరికరమే అనుకుని ఈ ప్రోగ్రాం లాగేసుకుంటోంది. ఉబుంటు 22.04 అనే లినక్స్‌లో, దానిమీద కట్టిన మింట్ 21లో చాలామందికి ఎదురైన తలనొప్పే ఇది. ఆ కాటా దగ్గర బ్రెయిలీ వాడేవాళ్లెవరూ లేరని అడిగి తెలుసుకుని, ప్యాకేజీ తీసేశాను. బరువు తెరమీదకి వచ్చేసరికి ఒంటిగంట పది.

మంచి ఉద్దేశంతో రాసిన ప్రోగ్రాం, చవక చిప్పు, ఎలుక. ఎవర్ని తిట్టాలో తెలియక టీ తాగి ఇంటికెళ్లాను. ఇప్పుడు కాటా బల్ల సొరుగులో అదే చిప్పున్న రెండు కేబుళ్లు టేపుతో అతికించి ఉన్నాయి, మీద ‘తీయరాదు’ అని రాసి.

ఆ మూడు విండోస్‌లు

రెండు లెక్కల గదిలో ఉన్నాయి. ట్యాలీ కోసం. ట్యాలీ విండోస్‌లో నడిచే అకౌంట్ల ప్రోగ్రాం. వైన్ మీద నడిపించేవాళ్లున్నారు గానీ, ఆడిటర్ ఎదురుగా కూర్చుని ఉండగా అలాంటి ప్రయోగం నేను చేయను. రెండూ డబ్బు పెట్టి కొన్న సక్రమమైన లైసెన్సులు. మిగతా గదుల నుంచి ఎవరైనా ట్యాలీ చూడాలంటే రెమ్మినా అనే ప్రోగ్రాంతో రిమోట్‌గా వస్తారు. కానీ మామూలు విండోస్‌లోకి ఒకసారి ఒక్కరే రాగలరు. ఎక్కువమంది రావాలంటే విండోస్ సర్వరూ, మనిషికింత అని వేరే లైసెన్సులూ కావాలి. లెక్కల గదిలో ఒకటి చాలక రెండు పెట్టింది అందుకే.

మూడోది వేలిముద్రల హాజరు యంత్రానికి, బ్యాంకుకు. హాజరు యంత్రంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కే. బ్యాంకువాళ్లిచ్చే బల్క్ చెల్లింపుల ఎక్సెల్ ఫైల్లో మాక్రో (ఫైల్లోపలే ఉండే చిన్న ప్రోగ్రాం) ఉంది, అది లినక్స్‌లో మేం వాడే ఉచిత లిబ్రే ఆఫీస్‌లో కదల్లేదు. నెలలో నాలుగైదుసార్ల పనికి యుద్ధం చేయడం దేనికని వదిలేశాను.

జీఎస్టీ సంతకం దగ్గర మాత్రం అదృష్టం కలిసొచ్చింది. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలైతే (పరిమిత బాధ్యత భాగస్వామ్యాలు) డిజిటల్ సంతకం టోకెన్ తప్పనిసరి, దానికి కంప్యూటర్లో ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. వీళ్లది మామూలు భాగస్వామ్యం కాబట్టి ఫోన్‌కు వచ్చే ఓటీపీతో పని అయిపోతుంది. ఇదే పని ఒక ప్రైవేట్ లిమిటెడ్‌లో తలపెట్టేవాళ్లు ముందు ఆ టోకెన్‌ను పరీక్షించుకుని తర్వాత మిగతావి మొదలుపెట్టండి.

అనూ ఫాంట్లలో చేసిన పాత కరపత్రాలు, శుభాకాంక్షల కార్డులు లినక్స్‌లో పిచ్చి అక్షరాల్లా కనిపిస్తాయి. అవి అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాలు కావు. వాటిని ముందునుంచీ చేసే డీటీపీ షాపుకే వదిలేశాం.

మనుషులు

శిక్షణ అని పెద్దగా ఏమీ పెట్టలేదు. పగలు విండోస్‌లో పనిచేసిన మెషీన్ మర్నాడు పొద్దున లినక్స్‌గా ఉండేది, నేను పక్క కుర్చీలో ఉండేవాణ్ని. వారానికి రెండు. సీజన్ లేని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే. 4 జీబీ మెమరీని 8 చేసి, ఎస్‌ఎస్‌డీ (వేగమైన కొత్తరకం డిస్కు) వేయడంతో అందరికీ మొదట కనిపించింది వేగమే. ‘లినక్స్ భలే ఫాస్ట్’ అన్నారు. సగం ఘనత ఎస్‌ఎస్‌డీదని నేను చెప్పలేదు.

గొడవ వచ్చిందల్లా కామా దగ్గర. లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో పన్నెండున్నర లక్షలు 1,250,000 అని వచ్చింది. గుమస్తాగారు దాన్ని చూసి, “ఇదేం లెక్క? లక్ష దగ్గర కామా ఏది?” అని పెన్ను కింద పెట్టేశారు. ఆ రోజు ఇంకేమీ ముట్టుకోలేదు. లొకేల్‌ను, అంటే దేశం-భాష సెట్టింగును, ఇంగ్లీష్ (ఇండియా)కు మార్చి, అంకెల ఫార్మాట్ సరిచేస్తే 12,50,000 వచ్చింది. రెండు నిమిషాల పని. అది చేయకపోతే ఆ మనిషి ఆ తెరను ఎప్పటికీ నమ్మేవాడు కాదు.

ఇరవై ఏళ్ల కుర్రాళ్లే ఎక్కువ సణిగారు. వాళ్లు నేర్చుకున్నది ఎక్సెల్, ఆ బటన్లు అక్కడే ఉండాలి. ఒకమ్మాయి నాలుగు నెలలు లోలోపల ఉడికిపోయి, ఒకరోజు అడిగేసింది: “రేపు నేను వేరే ఉద్యోగానికి వెళ్తే లిబ్రే ఆఫీస్ వచ్చంటే ఎవరిస్తారండీ?” నా దగ్గర జవాబు లేదు. లెక్కల గదిలోని ఒక విండోస్ మెషీన్లో ఎక్సెల్ కొని వేయించి, వారంలో రెండు రోజులు ఆమెకు అక్కడ పని ఇప్పించాం.

ఈ పదిహేడింటి లెక్కలో లేని షావుకారుగారి అబ్బాయి సొంత ల్యాప్‌టాప్ మూడు వారాలకే విండోస్‌కు వెళ్లిపోయింది. కారణం ఆటలని నాకు తర్వాత తెలిసింది.

డబ్బు సంగతి

మొదటి ఏడాది ఒక్క రూపాయి మిగల్లేదు. లైసెన్సుల మీద మిగిలింది ప్రోగ్రాం రాసినవాళ్లకు, నాకు, ఎస్‌ఎస్‌డీలకు పోయింది. మిగలడం రెండో ఏడాది నుంచి మొదలైంది. కంటికి కనబడింది 2025లో. ఆ అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్పు) కావాలి. వీళ్లవన్నీ నాలుగో తరం ఐ3లు. యార్డులో పక్క కొట్లన్నీ కొత్త మెషీన్ల కొటేషన్లు తీసుకుంటుంటే ఇక్కడ ఆ మాటే రాలేదు, ఆ మూడు విండోస్ మెషీన్లకు తప్ప.

ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్లకు జర్మనీలోని మ్యూనిక్ నగరం గుర్తుండాలి. 2003లో నిర్ణయం తీసుకుని, పదేళ్లలో దాదాపు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కు పోవాలని అదే నగరపాలక మండలి తీర్మానించింది. వాళ్లంతటివాళ్లే వెనక్కి వెళ్లారని కొందరు దెప్పుతారు. నేను దాన్ని చదువుకున్నది ఇంకోలా: అన్నీ మార్చితీరాలని పట్టుబట్టకు, ప్రతి మెషీన్‌కూ వెనక్కి దారి ఉంచు. వీళ్లకు మూడు విండోస్‌లు మిగిల్చింది ఆ జాగ్రత్తే.

ఇక షావుకారుగారి ప్రశ్న. నేను లేకపోతే ఎవరు బాగుచేస్తారు? దానికోసం ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తెలుగులో రాశాను. పాస్‌వర్డులు, కేబుళ్లు, ప్రింటర్ అంకెలు, ఏ రాత్రి ఏ డ్రైవులోకి బ్యాకప్ పోతుంది, దాన్నెలా వెనక్కి తేవాలి, అన్నీ. గుమస్తాగారి సొరుగులో ఉంటుంది, తాళం ఆయన మొలతాడుకి. కిందటి ఆగస్టులో సర్వర్ డిస్కు నేనే తీసేసి, కొత్త డిస్కు బల్లమీద పెట్టి, పుస్తకం చూసి లేపుకోండని చెప్పి ఎదురుగా టీ కొట్టుకు వెళ్లి కూర్చున్నాను. రెండు గంటల నలభై నిమిషాలకు వెనక్కి పిలిచారు. మధ్యలో ఒకే ఒక్క ఫోన్ వచ్చింది, రూట్ పాస్‌వర్డ్ ఏమిటని. అది మొదటి పేజీలోనే ఉంది.